తొట్లకొండ మీద టెంట్ వేద్దామంటున్నారు మావారు, వెళ్ళమంటావా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది గాజువాక. మావారిది షిఫ్ట్ డ్యూటీ, ఎన్నాళ్ళకో డిసెంబర్లో ఒక శని ఆదివారం కలిసొచ్చింది. ఆన్‌లైన్లో నలుగురు పట్టే టెంట్ కొనేశారు, తొట్లకొండ మీద రాత్రి పడుకుని పొద్దున్నే సూర్యోదయం చూద్దాం అంటున్నారు. మాకు 9 ఏళ్ళ బాబు, 5 ఏళ్ళ పాప. అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నాకేమో కళ్ళు మూస్తే పాములు, బాత్రూమ్ ఈ రెండే కనిపిస్తున్నాయి. బాబేమో "రాళ్ళు చూడ్డానికి అంత దూరం ఎందుకు, మాల్‌కి పోదాం" అంటాడు. వెళ్ళమంటావా, మానమంటావా? వెళ్తే ఏం పట్టుకెళ్ళాలి? సోమవారం మళ్ళీ స్కూల్ ఉంది, అది కూడా చూసి చెప్పు.

జవాబు: సూటిగా చెప్పేస్తాను చెల్లీ. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి, పడక మాత్రం కొండ కింద పెట్టుకోండి. తొట్లకొండ అంటే విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు పక్కనున్న పాత బౌద్ధారామం, రాష్ట్ర పురావస్తు శాఖ కాపాడుతున్న చోటు, సాయంత్రం అయ్యేసరికి అందర్నీ కిందకి దింపేసి మూసేస్తారు, "ఫ్యామిలీ అండీ, గలాటా చెయ్యం" అని ఎంత బతిమాలినా పని జరగదు, జరక్కూడదు కూడా. ఇవాళ ఒక టెంట్‌కి ఒప్పుకుంటే రేపు పది టెంట్లు, ఎల్లుండి బీరు సీసాలు, ఆ తరవాత 2,000 ఏళ్ళ నాటి ఇటుకల మీద ఎవడో పొయ్యి పెడతాడు. మీ ఆయనకి ఇది నా మాటగానే చెప్పు, కోపమొస్తే నా మీదే రానీ. సూర్యోదయమే కావాలంటే దానికి కొండెందుకు, మనకి సూర్యుడు సముద్రంలోంచే కదా లేస్తాడు, బీచ్ రోడ్డు పొడుగునా ఎక్కడ నిలబడినా కనిపిస్తాడు.

మీ ప్లాన్లో నేను మార్చమనేది ఇంకొకటి ఉంది, వరస. అందరూ ఏం చేస్తారంటే శనివారం మధ్యాహ్నం తిన్నాక బయల్దేరి, నెత్తి మాడే ఎండలో కొండెక్కి, పిల్లలు "ఇంకెంత సేపు" అని ఏడుస్తుంటే నాలుగు ఫొటోలు తీసుకుని దిగి, అప్పుడు చీకట్లో టెంట్‌తో కుస్తీ పడతారు. నువ్వు తిరగెయ్యి. శనివారం రాత్రి ముందు టెంట్, ఆదివారం పొద్దున్న చల్లపూట కొండ. ఎందుకు చెప్తున్నానంటే, ఆ కొండ మీద పిల్లలకి అర్థమయ్యేది ఏదైనా ఉందంటే అది నీళ్ళ కథ. పేరులోనే ఉంది చూడు, తొట్లకొండ, రాతిలో తొలిచిన తొట్లు ఉన్న కొండ. పైన ఏరు లేదు, చెరువు లేదు, వానాకాలంలో పడ్డ నీళ్ళు ఆ తొట్లలో పట్టుకుని బౌద్ధ భిక్షువులు అక్కడ వందల ఏళ్ళు బతికారు. ఈ ముక్క నువ్వు కొండ మీద నిలబెట్టి చెప్తే మీవాడు ఆవులిస్తాడు. అదే ముందు రోజు రాత్రి ఒక్క క్యాన్ నీళ్ళతో గడిపినవాడికి పొద్దున్నే ఆ తొట్టి చూపించు, వాడే మాట్లాడతాడు.

మా పెద్దాడి దగ్గర నేను చేసింది చెప్తాను. 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఒకటి కొని, దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్కలు నాలుగు అతికించాను, 5 లీటర్లకి ఒకటి చొప్పున. "తాగడానికీ వండటానికీ ఇదే, ఇంక లేవు, లెక్క నీది" అని వాడి చేతికి ఒక పెన్ను, చిన్న నోట్‌బుక్ ఇచ్చాను. అంతే, ఆఫీసరైపోయాడు. వాళ్ళ నాన్న చెయ్యి కడుక్కోడానికి క్యాన్ వంచితే "అవి తాగే నీళ్ళు డాడీ" అని కేకలు. రాత్రి తొమ్మిదికల్లా సగం పైన అయిపోయాయి, టీకి ఇంత, ఉప్మాకి ఇంత, తమ్ముడు ఒలకబోసింది ఇంత అని రాసుకున్నాడు. పొద్దున్న కొండ మీద తొట్టి అంచుకి నాలుగడుగుల దూరంలో నిలబడి "అమ్మా, ఇందులో ఎన్ని క్యాన్లు పడతాయి" అన్నాడు. నేను అడగలేదు, వాడే అడిగాడు. అప్పుడు వాళ్ళ నాన్న లెక్క చెప్పారు: ఒక మీటర్ పొడుగు, మీటర్ వెడల్పు, మీటర్ లోతు ఉంటే 1,000 లీటర్లు, అంటే 50 క్యాన్లు. మాటవరసకి 3 మీటర్ల పొడుగు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అనుకుంటే 18,000 లీటర్లు, 900 క్యాన్లు. ఇంటికొచ్చే దాకా అదే గొడవ, వెయ్యి మంది ఉంటే ఎన్ని రోజులొస్తాయి, స్నానం చేస్తే ఎన్ని రోజులొస్తాయి అని. మీవాడికి 9 ఏళ్ళు కదా, సరిగ్గా ఆ వయసే.

సరే, పడక ఎక్కడ? గాజువాక నుంచి తొట్లకొండ దాదాపు 30 కిలోమీటర్లు, కాబట్టి నిజానికి ఇంట్లో పడుకుని కూడా వెళ్ళొచ్చు, కానీ టెంట్ కొన్నాక ఆ మాట మీ ఆయన ముందు అనకు. నా ఓటు తెలిసినవాళ్ళ తోటకి. భీమిలి వైపో తగరపువలస వైపో ఎవరో ఒకరికి జీడిమామిడి తోటో కొబ్బరి తోటో ఉండే ఉంటుంది, చుట్టాల్లో చుట్టాల్ని కదిపి చూడు, మీ ఆయన డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఆ పక్క ఊళ్ళవాళ్ళు లేకపోరు. తోటలో ఒక గది, ఒక బాత్రూమ్, ఒక బోరు ఉంటే చాలు. అది కుదరకపోతే టెంట్ వేసుకోనిచ్చే రిసార్ట్‌లు ఉన్నాయి, డబ్బు కట్టే ముందు ఫోన్లో నాలుగు మాటలు అడుగు: బాత్రూమ్ టెంట్‌కి ఎన్ని అడుగుల దూరం, రాత్రంతా లైటు ఉంటుందా, వాచ్‌మేన్ ఉంటాడా, శనివారం రాత్రి డీజే పెడతారా. నాలుగోది నవ్వులాట కాదమ్మా. రిసార్ట్‌ల్లో శనివారం అంటే ఎవరిదో పుట్టినరోజు ఉంటుంది, ఒంటిగంట దాకా పిల్లలు నిద్రపోరు.

బీచ్‌లో ఇసక మీద టెంట్ వేద్దామంటే మాత్రం ఒప్పుకోకు. మన సముద్రం చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ అడుగున లాగేస్తుంది, ఆర్కే బీచ్ అయినా రుషికొండ అయినా యారాడ అయినా ఎంతమంది పోయారో మనకి తెలుసు, చీకట్లో ఐదేళ్ళ పిల్ల టెంట్ జిప్ తీసుకుని బయటికి నడిచిందనుకో, నాకు తలుచుకుంటేనే గుండె జారిపోతోంది. ఇంకో సంగతి కూడా ఉంది, చలికాలం చివర నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. వెలుతురు చూస్తే తల్లి బెదిరి వెనక్కి పోతుంది, పిల్లలేమో సముద్రం వైపు పోవాల్సింది పోయి లైటు వైపు పాకుతాయి. మనం అక్కడ ఫ్లడ్‌లైట్ పెట్టుకుని మ్యాగీ వండుకోవడం ఏం బాగుంటుంది చెప్పు.

టెంట్ గురించి. ముందు వారం మీ మేడ మీద ఒకసారి వెయ్యండి. ఇది మాత్రం తప్పించుకోడానికి లేదు. కొత్త టెంట్ సంచీలోంచి తీసేటప్పుడు బాగానే వస్తుంది, మళ్ళీ సంచీలోకి ఎవరూ పెట్టలేరు, ఆ తిట్లేవో ఇంటి మేడ మీదే తిట్టుకుంటే పోతుంది. పిల్లల్ని ఒక రాత్రి అందులో పడుకోబెట్టు, మీ పాప చీకటికి భయపడుతుందో లేదో తెలిసిపోతుంది, భయపడితే లేచి మెట్లు దిగి మంచమెక్కొచ్చు. నలుగురు పట్టే టెంట్ అంటే నలుగురు అప్పడాల్లా అతుక్కుని పడుకుంటే పడుతుందని అర్థం, బ్యాగులన్నీ కార్లోనే ఉంచండి. మెత్తటి ఇసక నేలలో మేకులు నిలవవు, చిన్న సంచుల్లో ఇసక నింపి తాడు కట్టి పాతిపెడితే కదలదు. కొబ్బరి చెట్టు కింద, తాటి చెట్టు కింద ఎంత నీడ ఉన్నా వద్దు, కాయ పడితే టెంట్ గుడ్డ ఆపుతుందా? నేల కొంచెం వాలుగా ఉంటే తలలు ఎత్తు వైపు పెట్టుకోండి. డిసెంబర్లో మన దగ్గర ఐదున్నర లోపే పొద్దు గుంకిపోతుంది, ఆరుకి కటిక చీకటి, అంచేత నాలుక్కల్లా టెంట్ నిలబడిపోవాలి. అంటే ఇంట్లోంచి రెండింటికి బయల్దేరాలి, అంటే నువ్వు పన్నెండు నుంచే అందర్నీ తరమాలి, ఈ లెక్క ఆడవాళ్ళకే తెలుస్తుంది.

మేం చేసిన తప్పొకటి చెప్తాను, నువ్వు చెయ్యకు. ఒక జనవరిలో అరకులో టెంట్ అద్దెకి తీసుకున్నాం. చలి అంటే మామూలు చలి కాదు, మా ఆయన "గాలి రాకూడదు" అని ఉన్న జిప్పులన్నీ, కిటికీలన్నీ, పైన ఉన్న చిన్న కన్నంతో సహా మూసేశారు. రాత్రి మూడింటికి మా చిన్నాడు లేచి "అమ్మా, ఇల్లు కారుతోంది" అని ఏడుపు. వానేం లేదు. నలుగురం వదిలిన ఊపిరే చల్లటి గుడ్డకి తగిలి నీళ్ళై, చుక్కచుక్కా మా దుప్పట్ల మీద పడుతోంది. మిగతా రాత్రంతా కార్లో కూర్చున్నాం, ఒకరి మోకాళ్ళు ఒకరి కడుపులో. కాబట్టి ఎంత చలైనా దోమతెర ఉన్న కిటికీ బెత్తెడు తెరిచే ఉంచు. కింద టార్పాలిన్ వేసేటప్పుడు అంచులు టెంట్ కిందకి మడిచెయ్యి, బయటికి ఉంటే పైనించి జారిన మంచు నీళ్ళు తిన్నగా మీ కిందకే వస్తాయి. భీమిలి దగ్గర అరకంత చలి ఉండదు గానీ మంచు బాగానే కురుస్తుంది. ఇంకో మాట, చలని కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ టెంట్ లోపల పెట్టొద్దు, నిమిషం కూడా వద్దు. దాంట్లోంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది.

ఇక నీ పాములు. నీ భయం పిచ్చి భయమేం కాదు. మన వైపు నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. అందులో రాత్రి పడకకి సంబంధించింది కట్లపాము, నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలీదు, దోమ కుట్టిందేమో అనుకుంటారు. నీకు తెలుసా, ఈ విషయంలో చాప మీద పడుకున్నవాళ్ళ కంటే జిప్ వేసిన టెంట్‌లో పడుకున్నవాళ్ళే నయం. కానీ జిప్ అంటే జిప్పే, పూర్తిగా కింద దాకా, లోపలికొచ్చినా బయటికెళ్ళినా వెంటనే వెయ్యాలి, పిల్లలకి మేడ మీద ప్రాక్టీస్ అప్పుడే అలవాటు చెయ్యి. బయట వదిలిన చెప్పులు, బూట్లు దులిపి వేసుకోవాలి, తేలు దూరుతుంది. రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళేటప్పుడు ఫోన్ వెలుగు చాలదు, మంచి టార్చ్ కావాలి, కాలు పెట్టే చోట వెలుగు పడాలి. అన్నం మెతుకులు, చిప్స్ ముక్కలు టెంట్ చుట్టూ పడెయ్యొద్దు, ఎలకలొస్తాయి, వాటి వెనకాల అవి వస్తాయి. ఒకవేళ ఎవరికైనా ఏదైనా కరిస్తే తాడు కట్టడం, బ్లేడుతో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మంత్రం అన్నవాళ్ళ దగ్గరికి పోవడం, ఇవేవీ వద్దు, ఆ చెయ్యో కాలో విరిగినట్టు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యడమో కార్లో వెంటనే ఆస్పత్రికి పోవడమో చెయ్యాలి. దగ్గర్లో ఏ ఆస్పత్రిలో పాముకాటు ఇంజక్షన్ ఉందో వెళ్ళే ముందే ఫోన్ చేసి కనుక్కుని, ఒక కాయితం మీద రాసి కారు అద్దానికి అతికించు. ఆ కాయితం అతికించాక నా మటుకు నాకు సగం భయం పోయింది, నీకూ పోతుందేమో చూడు.

అత్తయ్యగారి సంగతి. ఆవిణ్ణి టెంట్‌లో పడుకోబెట్టకు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి నేల మీంచి లేవాలంటే ఎంత నరకమో ఆవిడ పైకి చెప్పరు, "నాకేం ఫరవాలేదమ్మా" అంటారు, పొద్దున్నకి నడవలేక కార్లోనే కూర్చుండిపోతారు. తోటలో గది ఉంటే గదిలో, లేదంటే వరండాలో మడత మంచం, దాని మీద మంచి బొంత, దోమతెర. బాత్రూమ్ వెస్ట్రన్‌ది ఉందో లేదో అడుగు, లేకపోతే మెడికల్ షాపుల్లో మడతపెట్టే కమోడ్ కుర్చీ దొరుకుతుంది, ఇంట్లో కూడా పనికొస్తుంది. ఆవిడకి సాయంత్రం ఒక పని అప్పజెప్పు, పిల్లలకి కథ చెప్పడం. వాళ్ళ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడ్నించి తెచ్చుకునేవాళ్ళో, ఎన్ని బిందెలు మోసేవాళ్ళో చెప్పించు. నీ క్యాన్ లెక్కకీ రేపటి తొట్టికీ మధ్య ఆవిడ బిందె సరిగ్గా అతుకుతుంది.

తిండి దగ్గర ఎక్కువ ఆశపడకు. బార్బెక్యూ అంటారు మీ ఆయన, బొంగులో చికెన్ అని కూడా అంటారు, అవి అరకులో చేసేవాళ్ళ చేతిలోనే బాగుంటాయి, మనం చేస్తే పైన బొగ్గు లోపల పచ్చి. పులిహోర ఇంట్లోనే కలిపి పట్టుకెళ్ళు, రాత్రికి చెడిపోదు, చల్లారినా బాగుంటుంది. పెరుగన్నం అక్కడ కలుపుకోవచ్చు. డిసెంబర్ కదా, తేగల కాలం, దార్లో తేగలు, చిలగడదుంపలు కొనుక్కెళ్ళి నిప్పుల్లో కాల్చండి, పిల్లలకి అదే బార్బెక్యూ. మా పిల్లలు తేగ చీల్చి లోపలి చందమామ ముక్క కోసం కొట్టుకునేవాళ్ళు, ఇప్పటికీ అరకు గుర్తు లేదు గానీ ఆ కొట్లాట గుర్తుంది వాళ్ళకి. మంట మాత్రం తోటవాళ్ళని అడిగి, చుట్టూ ఆకులు ఊడ్చిన నేల మీదే. సరుగుడు ఆకులు, జీడిమామిడి ఆకులు ఎండితే పెట్రోలే. పడుకునే ముందు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి ఆర్పండి (క్యాన్ నీళ్ళు కాదు, బోరు నీళ్ళు, లేకపోతే ఆఫీసర్‌గారు ఊరుకోరు).

ఆదివారం పొద్దున్నే ఉప్మా తినేసి బేగి కొండెక్కెయ్యండి. వేళలు, టికెట్ ముందు రోజే కనుక్కోండి. పై దాకా కారు రోడ్డుంది కాబట్టి అత్తయ్యగారు కూడా వస్తారు. పైన గైడు ఉంటే మంచిదే, లేకపోతే నువ్వే చెప్పు, మరీ తేదీలూ రాజులూ వద్దు. మీవాడికి ఈ కథ చెప్పు: 1976లో నేవీవాళ్ళు ఇటు వైపు స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీది పాత కట్టడాల ఆనవాళ్ళు బయటపడ్డాయి, అంత వరకూ కింద బస్సుల్లో పోయే మనవాళ్ళకి పైన ఏముందో పట్టలేదు. తరవాత 1988 నుంచి 1993 దాకా తవ్వారు. తవ్వితే స్తూపాలు, భిక్షువుల గదుల వరసలు, వంటశాల, అందరూ కూర్చుని తినే భోజనశాల బయటపడ్డాయి. శాతవాహనుల నాణేలు దొరికాయి, వాటితోపాటు రోమ్ వెండి నాణేలు కూడా. ఇక్కడ వాణ్ణి ఒక్క నిమిషం సముద్రం వైపు తిప్పి నిలబెట్టు. "రోమ్ డబ్బు ఈ కొండ మీదికి ఎలా వచ్చింది రా" అని అడిగి ఊరుకో. ఎదురుగా సముద్రం కనిపిస్తూనే ఉంటుంది, జవాబు వాడికే తడుతుంది.

పాపకి ఇదంతా ఎక్కదు, దానికి వెతుకులాట పెట్టు. తొట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమను, అంకె నేను కావాలనే చెప్పట్లేదు, చెప్తే ఆట పోతుంది. గుండ్రటి కట్టడాలు ఎన్ని, పలకల కట్టడాలు ఎన్ని అని కూడా అడగొచ్చు. తొట్టి దగ్గరికి మాత్రం నీ చెయ్యి పట్టుకునే వెళ్ళాలి, కొన్నిట్లో నీళ్ళుంటాయి, అంచు జారుతుంది. "దేవుడి బొమ్మ ఏదమ్మా" అని అడిగితే ఇలా చెప్పు: ఇక్కడున్న భిక్షువులు హీనయానం అనే పాత బౌద్ధ శాఖ వాళ్ళు, బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవాళ్ళు కాదు, పాదాల గుర్తులు చెక్కి వాటికే దండం పెట్టుకునేవాళ్ళు, అలాంటి పాదాల రాళ్ళు ఇక్కడి తవ్వకాల్లోనే దొరికాయి. ఐదేళ్ళ పిల్లకి పాదాలంటే బాగా అర్థమవుతుంది, తడికాళ్ళతో ఇల్లంతా ముద్రలు వేసేది అదే కదా.

ఒక విషయంలో గట్టిగా ఉండు. పెంకు ముక్క, ఇటుక ముక్క, ఏదీ జేబులో వేసుకోకూడదు. మా చిన్నాడు వేసుకున్నాడు. ఇంటికొచ్చి నిక్కరు ఉతుకుతుంటే టబ్బులో టక్కుమంది, చూస్తే రూపాయి బిళ్ళంత ఎర్ర పెంకు, ఒక పక్క నున్నగా ఉంది, ఇంకో పక్క ఎవరివో వేలి గీతల్లా సన్నటి గీతలు. వాడు "చాలా ఉన్నాయి కదమ్మా, ఒక్కటే" అన్నాడు. తిట్టలేదు నేను, కానీ తరవాతి ఆదివారం స్కూటీ మీద ఇద్దరం మళ్ళీ వెళ్ళి అక్కడున్న మనిషికి ఇచ్చొచ్చాం. ఆయన నవ్వి, "అందరూ పట్టుకెళ్ళేవాళ్ళే, తెచ్చినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. వాడు ఆ రోజు రానూపోనూ దారంతా మాట్లాడలేదు, అలిగాడనుకున్నాను, మర్నాడు స్కూల్లో అదే గొప్పగా చెప్పుకున్నాడట.

కొండ దిగాక మీ ఆయన ఊరుకోరు, ఎలాగూ వచ్చాం కదా అని ఇలాంటిదే ఇంకో బౌద్ధ కొండ బావికొండ, మంగమారిపేట దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రాతి తోరణం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, అక్కడ గోస్తని సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఒక్క పూటలో అంటారు. అన్నీ బాగుంటాయి, ఒకదాన్ని మించి ఒకటి, అందుకే ఒకటే చూడండి. నన్నడిగితే మంగమారిపేట, కొండ కిందే ఉంది, పిల్లలకి కాళ్ళు తడుపుకునే వీలుంటుంది, తడుపుకోవడమే, లోపలికి దిగడం లేదు. బావికొండ ఇంకో నెలకి దాచండి, అక్కడ కూడా పేరులోనే నీళ్ళున్నాయి, మీవాడు ఈసారి తనే లెక్క మొదలెడతాడు.

గాజువాక నుంచి మీకు ఇంకో వీలుంది, అనకాపల్లి పక్కన శంకరం ఊళ్ళో బొజ్జన్నకొండ. సంఘారామం అంటే భిక్షువులుండే చోటు, ఆ మాటే శంకరం అయింది, బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయింది. కొండరాయినే స్తూపాలుగా తొలిచేశారు, పక్కనే లింగాలకొండ మీద చిన్న చిన్న స్తూపాలు వరసలుగా, దూరం నుంచి లింగాల్లా కనిపిస్తాయి. మెట్లున్నాయి కాబట్టి అత్తయ్యగారు కిందే ఆగాలి. కనుమ రోజున అక్కడ పెద్ద తీర్థం, వెనకటికి ఆ రోజున వచ్చినవాళ్ళు అక్కడున్న ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు రువ్వేవాళ్ళు, నచ్చజెప్పి నచ్చజెప్పి మాన్పించారు. తెలియకపోతే మనమూ ఒక రాయి వేసి వచ్చేవాళ్ళమేమో. అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, పేరు చెక్కే సరదా ఉన్న మేనల్లుళ్ళెవరైనా వెంట వస్తే ఈ ముక్క ముందే చెప్పు. మేం ఒకసారి మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎక్కాం, రాయి పెనంలా కాలింది, అరికాళ్ళు బొబ్బలెక్కాయి, నాకు ఆ కొండ మీద చూసింది ఏమీ గుర్తులేదు. చలికాలంలో, పొద్దున్నే వెళ్ళండి.

సోమవారం స్కూల్ అన్నావు కదా, అంచేత ఆదివారం పదకొండు గంటలకల్లా తిరుగు ప్రయాణం. దార్లో ఎక్కడైనా భోంచేసి, ఇంటికొచ్చి, పిల్లలకి స్నానాలు చేయించి పడుకోబెట్టు. ఒళ్ళంతా ఒకసారి చూడు, చంకలు, చెవుల వెనకాల, నడుం దగ్గర, పురుగు పట్టుకుందేమో అని. నాలుగైదు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం వస్తే డాక్టర్‌కి తోటలో పడుకున్నారని తప్పకుండా చెప్పు. టెంట్ తడిగా మడిచి అటక మీద పడెయ్యొద్దు, బూజు పట్టి కంపు కొడుతుంది, సాయంత్రం మేడ మీద ఆరబెట్టే పని మీ ఆయనది. కొన్నది ఆయనే కదా.